గోదారికి వీపు పెట్టి కూర్చున్న మనిషి

నిన్న ఉదయం ఖమ్మం బజారులో, మా దుకాణం ముందు ఆటోలోంచి ఎవరో గోనెసంచి దించారు. దించడంలో మూతి ఊడిపోయి, ఎండు నెత్తళ్ల చేపల వాసన గుప్పున వీధంతా పరుచుకుంది. గల్లాపెట్టె దగ్గరున్న మా కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మాది గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. నేను మాత్రం లేచి బయటికి వెళ్లి ఆ సంచి పక్కన నిలబడ్డాను. 'మామయ్యా, లోపలికి రండి, కడుపులో తిప్పుతది' అని కోడలు పిలుస్తూనే ఉంది. ఆ వాసనకు నా కళ్లలో నీళ్లు తిరుగుతాయని, దానికి కారణం ఘాటు కాదని ఆ పిల్లకు ఎలా చెప్పను?

బేరంలో నన్ను మించినవాడు మా బజారులో లేడు. వినయంగా చెప్పాల్సిన మాటే గానీ, వినయం వల్ల ఇంతవరకు ఒక్క రూపాయి లాభం రాలేదు కాబట్టి గొప్పగానే చెబుతున్నాను. చీపురు కొన్నా రెండు పుల్లలు కొసరు అడిగి తెచ్చుకునే వంశం మాది. మా నాన్న కిరాణా కొట్టులో తక్కెడ పక్కనే నా ఊయల కట్టారట. నేను ఊగినప్పుడల్లా తూకం మావైపే మొగ్గేదని మా మేనమామ ఎగతాళి చేసేవాడు. అలాంటి నేను ఆడిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఇది: ఒక మనిషి సముద్రం చూడటానికి పోతానంటే, పైసా ఖర్చు లేకుండా, రెండే రెండు మాటలతో ఆపేశాను. ఆమె ఆగింది. ఇప్పటికీ ఆగే ఉంది.

ఆమె పేరు నాంచారమ్మ. నేను నాంచారక్క అనేవాణ్ణి. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకోవడానికి ఫోటో ఒక్కటీ లేదు. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన మనిషి. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద గంప, ఆ గంపలో ఎండుచేపలు: నెత్తళ్లు, సవళ్లు, రొయ్యపొట్టు. నడుస్తుంటే గంప కదిలేది కాదు, కింద మనిషి మాత్రమే కదిలినట్టుండేది.

అవి ఎనభైల నాటి రోజులు. భద్రాచలం దాటి, అడవి అంచున, గోదావరి వంపులో ఒక ఊళ్లో వారానికోసారి అంగడి జరిగేది. చుట్టుపక్కల గూడేల నుంచి కోయవాళ్లు చింతపండు, ఇప్పపూలు, తేనె తెచ్చి అమ్మి, ఉప్పు, బట్ట, సబ్బు కొనుక్కుపోయేవాళ్లు. మా నాన్న నన్ను అక్కడికి తోలాడు. గాజులు, రిబ్బన్లు, దువ్వెనలు, చేతి అద్దాలు నా సరుకు. 'కొట్లో కూసుంటే బేరం రాదురా, అంగడి తిరిగినోనికే వస్తది' అన్నాడు. అంగడిలో చోట్లన్నీ చూశాను. అన్నిటికంటే చవకగా ఒక చోటు దొరికింది. మంచి నీడ, దారి పక్కనే. ఇంత తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే అని మురిసిపోతూ దుప్పటి పరిచాను. అప్పుడు పక్కన గంప దిగింది.

'అక్కా, నీ గంప జర అటు జరుపవా? గాలి ఇటే వస్తుంది.'

ఆమె నన్నూ నా గాజులనూ ఎగాదిగా చూసింది. 'గాలి నా మాట ఇంటే నీ పక్కనెందుకుంటాను సేటూ? ఏ కోటలోనో ఉంటాను.'

ఆ రోజు నుంచి నేను సేటునే. జేబులో తిరుగు ప్రయాణానికి సరిపడా చిల్లర ఉంటే గొప్ప, అయినా సేటునే.

ఆ చోటు ఎందుకు చవకో అర్థమైంది గానీ, మా వంశంలో ఒకసారి కుదిరిన బేరం వెనక్కి తీసుకోవడమనేది లేదు. పైగా ఒక విశేషం గమనించాను. ఎండుచేప కోసం వచ్చే ఆడవాళ్లు ఊపిరి బిగబట్టుకోరు, తీరిగ్గా కూర్చుంటారు. కూర్చున్నవాళ్లు పక్కనున్న గాజులు చూస్తారు. ఆమె గంప నా దుకాణానికి బోర్డు అయింది.

వ్యాపారం నేను పుట్టుకతో నేర్చుకున్నానని అనుకునేవాణ్ణి. ఒకసారి ఒక గూడెం ఆవిడ చేతి అద్దం పట్టుకుని ధర అడిగింది. చెప్పాను. ఆమె అద్దంలో చూసుకుంటూ ఉంది. నాకు తోచక, 'బెల్జియం గాజు, పగలది' అన్నాను. ఆమె చూసుకుంటూనే ఉంది. 'పోనీ నీకోసం తగ్గిస్త' అన్నాను. కాసేపాగి ఇంకా తగ్గించాను. ఆమె అద్దం కింద పెట్టేసి వెళ్లిపోయింది. నాంచారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది.

'ధర సెప్పాక నోరు మూసుకోవాల్రా సేటూ. నువ్వే సెప్పి, నువ్వే తగ్గించి, నువ్వే బతిమాలితే ఇంక ఆవిడకేం పని మిగిలింది? మాట ఆడెయ్యి. సూడు. ఊరుకో. ముందు మాట్టాడినోడు ఓడిపోతాడు.'

నా జీవితంలో నేర్చుకున్న వ్యాపారమంతా ఆ మూడు ముక్కల్లో ఉంది. మాట ఆడెయ్యి, చూడు, ఊరుకో. ఆ విద్యతోనే తర్వాత బజారులో రెండంతస్తుల దుకాణం కట్టాను. ఆ విద్యను అంతకుముందే ఇంకోచోట కూడా వాడాను. అది తర్వాత చెబుతాను.

బస్సు దిగిన చోటి నుంచి ఆ అంగడికి రెండు దారులు. ఒకటి పడవ. ఇంకొకటి గుట్ట మీద కాలిబాట. గుట్టంటే భయపడాల్సినంత ఎత్తేమీ కాదు. మెల్లగా ఎక్కి, అంచు వెంబడే సాగి, మెల్లగా దిగుతుంది. గంప నెత్తిన పెట్టుకుని ముసలమ్మలు కబుర్లు చెప్పుకుంటూ నడిచే దారి. ఒక పక్క టేకు, తునికి, అక్కడక్కడా ఇప్పచెట్లు. ఇంకో పక్క, కింద చాలా దూరం వరకు గోదావరి. వానాకాలం ఎర్రగా ఒడ్డులు కనబడకుండా, చలికాలం నీలంగా, ఎండాకాలం ఇసుకతిన్నెల మధ్య పాయలు పాయలుగా. ఎగువన కొండలు రెండువైపులా తొలగి, అక్కడ నది ఎంత వెడల్పవుతుందంటే, మబ్బుపట్టిన రోజు అవతలి ఒడ్డు ఉన్నదని నమ్మాలంతే. అంగడికి కొత్తగా వచ్చిన బట్టల వ్యాపారి ఒకడు అక్కడ నిలబడి, 'అబ్బ, సముద్రం లెక్కున్నది' అన్నాడు. నాంచారక్క వాడితో ఆ పూటంతా మాట్లాడలేదు.

మొదట్లో నేను పడవలోనే వెళ్లేవాణ్ణి. ఆమె ఎంత వానొచ్చినా గుట్ట మీదనే. పడవ కిరాయి మిగులుతుంది కదా అని నేనూ ఆమె వెంట నడవడం మొదలుపెట్టాను. అదీ నేను చెప్పుకున్న కారణం. నా పెట్టె భుజం మీద, ఆమె గంప నెత్తి మీద. గాలి ఎటు వీస్తే నేను దానికి రెండో వైపు. దారి పొడవునా ఆమె నోరు ఆగేది కాదు. బస్సులో కండక్టరుతో పోట్లాట, ఇంటి ఓనరమ్మ పిసినారితనం, నా పెళ్లి ఎప్పుడవుతుందన్న బెంగ.

'నీకు పిల్లనెవరిత్తార్రా, కట్నం దగ్గర కూడా కొసరడుగుతావు.'

'నేను అడగనక్కా. మా నాయిన అడుగుతడు.'

'అదే, మీ ఇంట్లో అడిగేవోడు ఎప్పుడూ ఒకడుంటాడు.'

గుట్ట నడిమధ్యన, అంచున, ఒక చదును బండ ఉంది. వచ్చేపోయేవాళ్లందరూ గంపలు దించి అలుపు తీర్చుకునే చోటు. అందరూ నది వైపు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. అంత గాలి, అంత నీళ్లు ముందుంటే ఇంకెటు కూర్చుంటారు? నాంచారక్క ఒక్కతే అడవి వైపు తిరిగి, గోదావరికి వీపు పెట్టి కూర్చునేది. ఆ దారి పొడవునా కూడా గంపకు పట్టిన చేయి ఎప్పుడూ నది వైపు చేయే. మోచేయి అడ్డం ఉంటుంది కాబట్టి నీళ్లు కనబడవు. అది నాకు చాలా రోజులకు గాని తట్టలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. 'ఏందక్కా, గంత మంచిగుంటే అటు సూడవు? పైసలు అడుగుతదా ఏంది?'

ఆమె టేకుచెట్ల వైపే చూస్తూ, కూర ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. వాళ్లది దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరు. ఉప్పెన వచ్చినప్పుడు ఆమె తాటిచెట్టును పట్టుకుని బతికింది. మొగుడు, కూతురు దొరకలేదు. కూతురికి అప్పటికి పలకా బలపం కొన్నారట, బడికి పంపడానికి. బతికినవాళ్లంతా నీళ్లు తీశాక ఒడ్డుకు వెళ్లి వెతికారు. ఆమె వెళ్లలేదు. తెలిసినవాళ్లెవరో ఇటువైపు కూలి పనికి వస్తుంటే వెంట వచ్చేసింది.

'దానికి నా మొకం సూపించనని ఒట్టెట్టుకున్నాను. అంత తీసుకున్నదానికి నేను కూడా కనపడాలా?'

'ఇది గోదారి గదక్కా.'

'నీళ్లు నీళ్లేరా.'

వ్యాపారస్తుణ్ణి కదా, వ్యాపారమే మాట్లాడాను. అంత కోపమున్నదానివి దాని సరుకే ఎందుకు అమ్ముతున్నావన్నాను. ఆమె నవ్వింది. 'నా పిల్లని అది తీసుకుంది. దాని పిల్లల్ని నేను ఎండబెట్టినోళ్ల దగ్గర కొని తూకానికి అమ్ముతున్నాను. లెక్క సరిపోయేదాకా అమ్ముతాను. నువ్వు లెక్కలోడివి గదా, ఎప్పుడు సరిపోద్దో నువ్వే సెప్పు.'

నేను చెప్పలేదు. మాట ఆడేసి ఊరుకుంది ఆమె. ముందు మాట్లాడితే ఓడిపోతానని నాకు తెలుసు.

పశువుల సంతలో దళారులు తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర మాట్లాడుకుంటారు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఏం కుదిరిందో తెలియదు. నాకు ఆ విద్య మా మేనమామ నేర్పాడు. నేను నాంచారక్కకు నేర్పాను. ఆ బండ మీద మాకది ఆట అయిపోయింది. నా తువ్వాలు మా ఇద్దరి చేతుల మీద కప్పి బేరమాడుకునేవాళ్లం. ఈ వారం టీ డబ్బులు ఎవరివి, దిగేటప్పుడు నా పెట్టె ఆమె ఎంత దూరం మోయాలి, ఇలాంటివి. ఆమె వేళ్లు గరుకుగా, ఉప్పు పట్టి, ఎండిన చింతకాయల్లా ఉండేవి. ఆ పట్టు మాత్రం దళారులకు కూడా లేదు.

అలా ఒకరోజు, ఒక్కసారి అటు తిరిగి చూడటానికి ఏం తీసుకుంటావని అడిగాను. నాకెందుకంత పట్టుదల అంటే, అంత మంచి వస్తువు ఎదురుగా పెట్టుకుని కొనకుండా పోయే మనిషిని చూస్తే మా వంశానికి నిద్ర పట్టదు. ఆమె అమ్మడం ఇష్టంలేని సరుకుకు వ్యాపారి చెప్పే ధర చెప్పింది.

'నువ్వొక ఎండుసేప తిను. నేనొక సూపు సూత్తాను.'

'అక్కా! మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యదు.'

'అయితే బేరం లేదు. లేచి నడు.'

ఆ బేరం రెండు వానాకాలాలు సాగింది. వాసన చూస్తానన్నాను, నాలుకకు తాకించి ఊసేస్తానన్నాను, తోక మాత్రం తింటానన్నాను. ఆమె ఒక్క మెట్టు దిగలేదు. చివరికి ఒక చలికాలం మధ్యాహ్నం, తిరుగుదారిలో, ఆ వారం గాజులన్నీ అమ్ముడైపోయిన సంతోషంలో, 'ఇయ్యి' అన్నాను. ఆమె నమ్మలేదు. గంపలోంచి అన్నిటికంటే చిన్నది వెతికి, తల తుంచి, దులిపి ఇచ్చింది. అది ఒక్కటే ఆమె నాకు ఇచ్చిన కొసరు. కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాను. సగం మింగాను. మిగతా సగం టేకాకుల మీదికి పోయింది, దాంతోపాటు పొద్దున అమ్మ పెట్టిన ఉప్మా కూడా. ఆమె వీపు నిమురుతూ, నవ్వుతూ, నీళ్లు తాగిస్తూ, 'సాల్లే, సాల్లే, బేరం సెల్లింది' అంది.

నేను మూతి తుడుచుకుని చూసేసరికి నవ్వు లేదు. బండ మీద అటు తిరిగి కూర్చుని ఉంది. గంప కింద ఉంది, చేయి అడ్డం లేదు. ఆ రోజు గోదావరి నీలంగా, కదులుతుందా లేదా అన్నట్టుంది. ఒక పడవ మధ్యలో ఎక్కడో పుల్లలా ఉంది. చాలాసేపటికి అడిగింది.

'ఇది ఎక్కడికి పోతాదిరా?'

'సముద్రంలకే అక్కా. ఇంకేడికి పోతది?'

'అంతేగా' అంది. దిగేటప్పుడు గంప చేయి మార్చుకుంది. నది కనబడే వైపు చేయి కిందికి వదిలేసి నడిచింది. నేను గెలిచాననుకున్నాను.

మరుసటి వారం బండ మీద కూర్చోగానే నా తువ్వాలు లాక్కుని, కింద నా చేయి పట్టుకుని, ఒక్క వేలు బిగించింది.

'ఏందది?'

'ఒక్క వారం. పై వారం ఎల్లిపోతాను. ఊరికి. ఒడ్డుకెళ్లి ఒకసారి నిలబడొత్తాను. అది పలకెట్టుకుని ఆడుకున్న సోటు సూడాలి. ఇన్నేళ్లూ దానికి మొకం సూపించలేదనుకున్నాను గానీ, నా పిల్లకి కూడా సూపించలేదు గదరా.' వేలు వదలకుండానే, 'నువ్వూ రారాదా? ఒక్కదాన్ని దాని ముందు నిలబడలేనురా' అంది.

నేను నవ్వాను. 'సముద్రంల నాకేం బేరముందక్కా?' అన్నాను. తర్వాత తువ్వాలు కింద ఆమె వేలు వదిలించి, నాలుగు వేళ్లూ చాచి పట్టించాను. నాలుగు నెలలు. 'ఇప్పపూలు, చింతపండు చేతికొచ్చే కాలం వస్తున్నది. గూడేలల్ల పైసలు ఆడేదే అప్పుడు. సీజన్ ఇడిసిపెట్టి పోతారా ఎవరన్న? సముద్రం ఏడికి పోతది?'

చెప్పేసి ఊరుకున్నాను. మాట ఆడెయ్యి, చూడు, ఊరుకో. ఆమె నేర్పిన విద్యే. ఆమె నా ముఖం చూసింది. నేను మాట్లాడలేదు. నది వైపు చూసింది. నేను మాట్లాడలేదు. చివరికి ఆమే, 'సర్లే సేటూ, సీజనెళ్లాకే పోతాను' అని నాలుగు వేళ్లూ నొక్కి వదిలేసింది. ముందు మాట్లాడినవాళ్లు ఓడిపోతారు.

ఇప్పపూలు రాలడం మొదలైన రోజుల్లో ఆమె ఒక వారం అంగడికి రాలేదు. నా పక్కన చోటు ఖాళీగా, వాసన లేకుండా ఉంది. గాజుల దగ్గరికి కూడా పెద్దగా ఎవరూ రాలేదు. తిరిగొస్తుంటే, బస్సు దిగే ఊళ్లో ఆమె ఉండే ఇంటి ఓనరమ్మ దారిలో ఎదురై చెప్పింది. 'జరమొచ్చి పడ్డదయ్యా. చలి, వణుకుడు, పిచ్చి మాటలు. దవాఖానకు తోలుకపోయిన్రు.' అడవి అంచు ఊళ్లలో ఆ జ్వరం పేరు ఎవరూ అడగరు. మెదడుకెక్కిన మలేరియా. ఆ ఊళ్లన్నిటికీ అది తెలుసు.

పెట్టె ఓనరమ్మకు అప్పజెప్పి దవాఖానాకు పరుగెత్తాను. చేప వాసన లేని నాంచారక్కను అదే మొదటిసారి చూడటం. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. కళ్లు మూసే ఉన్నాయి. 'అక్కా, నేను, సేటును' అన్నాను. దుప్పటి కింద నుంచి చేయి వెతుక్కుంటూ వచ్చి నా చేయి పట్టుకుంది. ఒక్క వేలు బిగించింది.

నేను వెంటనే మాట్లాడాను. జీవితంలో అంత తొందరగా ఎవరికీ ఒప్పుకోలేదు. 'పోదామక్కా. రేపే పోదాం. ఇద్దరం పోదాం. నేను నీ పక్కనే నిలబడత' అన్నాను. ఎన్నోసార్లు అన్నాను. పక్క మంచం ముసలాయన తల తిప్పి చూశాడు. వేలు వదలలేదు ఆమె. నా మాట విని ఒప్పుకుందో, వినకుండా ఇంకా అడుగుతూనే ఉందో తెలియదు. మర్నాడు పొద్దునకు ఆ పట్టు జారిపోయింది.

కబురు వెళ్లి దివిసీమ నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. గోదావరి ఒడ్డునే అన్నీ చేశాడు. బూడిద నీళ్లలో కలిపాక, 'ఏముందండీ, ఇది కూడా అక్కడికే పోతాది' అన్నాడు నన్ను ఓదారుస్తూ. నేను ఎప్పుడో చెప్పిన మాటే తిరిగి నాకు వచ్చింది. ఆ తర్వాత నేను అంగడికి పడవలోనే వెళ్లాను, కొన్నాళ్లకు అదీ మానేశాను.

సముద్రానికి ఒకసారి వెళ్లాను, పెళ్లయ్యాక, భార్యతో. అందరూ నీళ్ల వైపు పరుగెత్తుతుంటే నేను ఒడ్డున దానికి వీపు పెట్టి కూర్చున్నాను. 'ఇంత దూరం వచ్చి అటు చూడరేం?' అని మా ఆవిడ అడిగింది. నిద్ర సరిపోలేదన్నాను.

ఇక బిల్లు. సీజన్ పోతుందని ఆపానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధపు పద్దు. గాజులు అమ్ముడుపోకపోతే మా నాన్న రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. ఆమె వెళ్తే తిరిగి రాదేమోనని, ఆ గుట్ట మీద ఒంటరిగా నడవాల్సి వస్తుందని భయపడ్డాను. ఆ మాట చెప్పి ఉంటే ఆమె నా చెవి మెలిపెట్టి నన్ను కూడా బస్సెక్కించేది. లాభం మాట అయితే చెప్పడం నాకు వచ్చు, ఈ మాట చెప్పడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. కాబట్టి, ఆమె నాకిచ్చింది: నేను బతుకుతున్న విద్య, రెండు వానాకాలాలు పైబడిన దారి, ఒక కొసరు. నేను ఆమెకిచ్చింది: ఆమె కోసం తిన్న ఒక చేప, అదీ సగమే. బాకీ: దివిసీమ ఒడ్డుకు ఒక ప్రయాణం, ఇద్దరికి. గోదావరి ఎలాగూ ఆమెను అక్కడికి చేర్చే ఉంటుంది కదా అని ఎవరైనా అంటే, ఆ లెక్కన సగం తగ్గించుకోవచ్చు. తగ్గించమని నేను అడగను.

గోనెసంచి మూతి కట్టి ఆటో వాడు ఎత్తుకుపోయాడు. వాసన పోయేదాకా నేను వీధిలోనే నిలబడ్డాను.